‘యొక్క’ తెచ్చిన చిక్కు

మా వీధిలో ఒకావిడ ఉంది. చాలా ఏళ్ళ దాకా ఆవిడ పేరు నాకు తెలీదు. ఎవరిని అడిగినా, “అదేనండీ, మొగుడు పోయినావిడ, మిషను కుడుతుంది చూడండి” అనేవారు. నేనూ అలాగే అనేదాన్ని. ఆవిడ చేత రవికలు కుట్టించుకున్నాను, చీరలకు ఫాల్స్ వేయించుకున్నాను, బేరమూ ఆడాను. పేరు అడగాలని మాత్రం తోచలేదు. ఇదేం గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదు. అయినా ముందే ఒప్పేసుకుంటున్నాను. ఎందుకంటే నేను చెప్పబోయే చరిత్రంతా ఆ రెండు మాటల్లోనే, ‘మొగుడు పోయినావిడ’ అన్నదాంట్లోనే ఉంది.

మేము బోరబండ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇక్కడి పిల్లలకు డిగ్రీ చేతికి రాగానే చెయ్యవలసిన పని ఒకటుంది. బస్సెక్కి అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర దిగడం. అక్కడ గోడ కనబడకుండా బోర్డులు! కంప్యూటర్ కోర్సులవి కొన్ని, స్పోకెన్ ఇంగ్లీషువి కొన్ని. ఆ మిషను కుట్టే ఆవిడ కూతురు కూడా అలాగే ఒక ఇంగ్లీషు క్లాసులో చేరింది. రెండు వాయిదాల్లో కట్టిన ఫీజు తల్లి కుట్టు కూలి డబ్బే అని వేరే చెప్పనక్కర్లేదు.

ఒక సాయంత్రం ఆ పిల్ల నోట్‌బుక్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

“ఆంటీ, హూజ్ అంటే ఏంది?”

“ఎవరి యొక్క” అన్నాను టక్కున. నేను స్కూల్లో బట్టీ పట్టిన అర్థం మరి, అంత సులువుగా పోతుందా?

“మా సారు కూడా గదే చెప్పిండు. కానీ ఎవరి యొక్క అని నేను ఎవర్నీ అడుగుతలేను కదాంటీ? మా అమ్మ గురించి చెప్తున్న.”

నేను నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. నిజమే! నాకు ఇన్నేళ్ళుగా తట్టని సందేహం ఈ పిల్లకు ఒక్క పూటలో వచ్చింది. క్లాసులో సారు ఒక్కొక్కళ్ళనీ లేపి, తమకు బాగా ఇష్టమైన మనిషి గురించి ‘హూజ్’ పెట్టి ఒక్క వాక్యం చెప్పమన్నారట. ఈ పిల్ల చెప్పింది: “మై మదర్ ఈజ్ ఎ వుమన్ హూ హర్ హస్బెండ్ ఈజ్ డైడ్.” క్లాసు గొల్లుమంది.

“నాకు బుర్ర లేదాంటీ. రేపటి సంది పోను” అంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

సరే, బుర్ర ఉందో లేదో తరవాత చూద్దాం, ముందు ఈ కాఫీ తాగు అని కూర్చోబెట్టాను. పిల్ల వెళ్ళిపోయాక నాకు నిద్ర పట్టలేదు. తెలుగులో బ్రహ్మాండంగా మాట్లాడే పిల్ల, ఒక్క చిన్న ముక్క దగ్గర ఎందుకు ఆగిపోయింది? ఆ రాత్రి మొదలుపెట్టి నాలుగు రోజులు పుస్తకాలు తిరగేశాను. అప్పుడు తెలిసిందండీ, ఈ ‘హూజ్’ కథ రెండు వందల ఏళ్ళ నాటిదని.

ముందు మన ఇంటి సంగతి చూద్దాం. మనం రోజూ ఎలా మాట్లాడుకుంటాం? “కొడుకు అమెరికాలో ఉన్నావిడ”, “గేటు ఊడిపోయిన ఇల్లు”, “కాలు విరిగిన కుర్చీ”, “రంగు వెలిసిన చీర”. వీటిల్లో ‘హూజ్’కి సరిపోయే మాట ఎక్కడైనా ఉందా? వెతకండి. ఉండదు. కొడుకు ఆవిడ కొడుకేనని, గేటు ఆ ఇంటిదేనని, కాలు కుర్చీదేనని ఎవరూ చెప్పకుండానే మనకు తెలుస్తుంది. క్రియను కాస్త వంచి, ‘ఉన్న’, ‘ఊడిన’, ‘విరిగిన’ అని మనిషి ముందో వస్తువు ముందో పెట్టేస్తే చాలు. బళ్ళో క్రియాజన్య విశేషణం అని చెప్పారే, అదే ఇది. పేరు గంభీరంగా ఉంటుంది గానీ పని మాత్రం మన వంటింటి గరిటె లాంటిది. పప్పుకీ అదే, పులుసుకీ అదే.

చెప్పొద్దూ, ఈ గరిటెతో ఒక ఇబ్బందీ ఉంది. “మొన్న చూసిన పిల్ల” అంటే ఆ పిల్ల మనల్ని చూసిందా, మనం ఆ పిల్లను చూశామా? పెళ్ళిచూపుల మాట నడుస్తుంటే ఒక అర్థం, దొంగతనానికి సాక్షి మాట నడుస్తుంటే ఇంకో అర్థం. మనం మాట తీరును బట్టి సర్దుకుపోతాం. కొత్తగా తెలుగు నేర్చుకునేవాడు ఎక్కడ సర్దుకుపోతాడు పాపం!

అలా సర్దుకోలేక తల పట్టుకున్నవాళ్ళు ఒకప్పుడు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఇంగ్లీషు దొరలు.

1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టారు. కంపెనీ ఉద్యోగాలకు ఇంగ్లండు నుంచి ఓడ దిగిన కుర్రాళ్ళకు తెలుగు, తమిళం వంటి దేశభాషలు నేర్పడం దాని పని. అంటే ఇవాళ అమీర్‌పేట ఎలాంటిదో, ఆ రోజుల్లో దొరబాబులకు ఆ కాలేజీ అలాంటిదన్నమాట. ఇక్కడ ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగం రాదు. అక్కడ తెలుగు రాకపోతే ఉద్యోగం సాగదు. 1814లో విలియం కేరీ శ్రీరాంపూరులో ఒక తెలుగు వ్యాకరణం వేశాడు. 1816లో ఈ మద్రాసు కాలేజీ తరఫున ఎ.డి. క్యాంప్‌బెల్ ఇంకొకటి రాశాడు. దానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ముందుమాట చేర్చాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబానికి చెందింది అని అందులో ఉదాహరణలతో వాదించాడు. ఆ మాట అప్పట్లో చిన్న మాట కాదు.

తరవాత మనందరికీ తెలిసిన బ్రౌను దొర. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు వచ్చాడు, కడప, మచిలీపట్నం, రాజమండ్రి వైపు ఉద్యోగాలు చేశాడు, 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో నిఘంటువు అచ్చువేశాడు. మచిలీపట్నంలో మిషనరీగా ఉన్న ఆర్డెన్ 1873లో ఇంకో వ్యాకరణం రాశాడు. వీళ్ళందరికీ ఎదురైన చిక్కు ఒక్కటే. ఇంగ్లీషులో ‘హూ’, ‘విచ్’, ‘హూజ్’ అనే మాటలు వాక్యానికి కీళ్ళ లాంటివి. తెలుగు వాక్యంలో ఆ కీళ్ళే కనబడవు! మరి వాక్యం ఎలా వంగుతోంది? చివరికి మన ‘ఉన్న’, ‘వచ్చిన’, ‘పోయిన’ మాటలే ఆ పని చేస్తున్నాయని కనిపెట్టి, వాటికి ‘రెలెటివ్ పార్టిసిపుల్’ అని పేరు పెట్టుకున్నారు. 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషలన్నిటినీ పక్కపక్కన పెట్టి పెద్ద పుస్తకం రాసినప్పుడు, ఈ భాషల కుటుంబానికి ఇదొక ప్రత్యేక లక్షణమని తేల్చాడు.

చూశారా తమాషా! ఒక తెలుగు పిల్ల ‘హూజ్’ దగ్గర తడబడితే బుర్ర లేదన్నారు. ఒక ఇంగ్లీషు దొర ‘పోయినావిడ’ దగ్గర తడబడితే భాషాశాస్త్రం పుట్టింది.

“అయితే మనకు ‘ఎవరి యొక్క’ అనేది ఎక్కణ్ణుంచి వచ్చిపడింది?” అని మీరడగవచ్చు. నాకూ అదే సందేహం వచ్చింది. దీని జవాబు మన తాతల అరుగు మీద ఉంది.

పూర్వం చదువు మొదలుపెట్టిన పిల్లాడి చేత అమరకోశం వల్లె వేయించేవారు. ఆ అమరకోశంలో మొట్టమొదటి మాట ఏమిటో తెలుసా? ‘యస్య’! యస్య అంటే ఏమిటి? అచ్చంగా మన ‘హూజ్’. సంస్కృతానికీ ఇంగ్లీషుకీ ఎంత దూరమైనా చుట్టరికం ఉంది కదా, ఈ కీళ్ళ విషయంలో రెండూ ఒకే తీరు. అంటే మా తాతగారి తరం, ఇంగ్లీషు అక్షరం తెలియకముందే, ‘హూజ్’తో చదువు మొదలుపెట్టిందన్నమాట.

ఆ ‘యస్య’కు గురువుగారు అర్థం ఎలా చెప్పాలి? శ్లోకాన్ని మాటకు మాట విడదీసి టీక చెప్పడం వాళ్ళ పద్ధతి. యస్య అంటే ‘ఎవ్వని యొక్క’. తస్య అంటే ‘వాని యొక్క’. మాటకు మాట లెక్క అప్పజెప్పాలి గనక ‘యొక్క’ తప్పదు. “కి, కు, యొక్క, లో, లోపల షష్ఠీ విభక్తి” అని మనమూ రాగం తీసి పాడినవాళ్ళమే కదా! కానీ ఇంట్లో ఎవరైనా “ఇల్లు యొక్క తాళం ఏది?” అంటారా? ఇంటి తాళం అంటారు. “ఊరు యొక్క పెద్ద” అనరు, ఊరి పెద్ద అంటారు. ‘ఇల్లు’ కాస్తా ‘ఇంటి’ అయ్యేసరికే యొక్క పని అయిపోయింది. పాఠం చెప్పేటప్పుడు అవసరపడే మాటే గానీ, పెరట్లో మాట్లాడుకునేటప్పుడు దాని అవసరమే లేదు.

కవులు మాత్రం సంస్కృతం వాక్యాన్ని తెలుగులో పోతపోశారు. పోతన గారి గజేంద్ర మోక్షంలో ఏనుగు దేవుణ్ణి పిలిచే పద్యం గుర్తు చేసుకోండి. ‘ఎవ్వని’ అనే మాటతో మొదలై, మళ్ళీ మళ్ళీ అదే మాట మీద నడుస్తుంది. అక్కడ ఆ ‘ఎవ్వని’ ప్రశ్న కాదు. ‘ఎవరైతే అలాంటివాడో, వాణ్ణి’ అని చెప్పడం. అందం ఎంత ఉందో అందరికీ తెలుసు. మన సామెతల్లోనూ ఈ తీరు ఉంది. “ఎవరి పిచ్చి వారికి ఆనందం” అన్నప్పుడు ఎవరి అనేది ప్రశ్నా? కాదుగా! అంచేత ఈ ముక్క మనకు బొత్తిగా పరాయిది కాదు, ఎప్పుడో పండక్కి తీసే పట్టుచీర లాంటిది. నిత్యం కట్టేది మాత్రం ‘పోయిన’, ‘ఉన్న’ అనే నేతచీరే.

ఇహ ఇంగ్లీషు చదువు వచ్చింది. పంతులుగారు మారారు గానీ పద్ధతి మారలేదు. యస్య అంటే ఎవ్వని యొక్క అయినట్టే, హూజ్ అంటే ఎవరి యొక్క అయి కూచుంది. టీక చెప్పిన తరవాత తాత్పర్యం చెప్పాలి కదా? పాత గురువుగారు చెప్పేవారు. మన ఇంగ్లీషు క్లాసుల్లో చాలాచోట్ల టీకతోనే గంట కొట్టేశారు. మా పక్కింటి పిల్లకు జరిగింది అదే.

అన్నట్టు, ఇది హైదరాబాదు. ఇక్కడ కథ ఇంకా రంజుగా ఉంటుంది. మా బోరబండలో ఒక గోడకు అటు తెలుగు, ఇటు ఉర్దూ. ఉర్దూ వాళ్ళకు ‘జిస్కా’ అనే మాట ఉంది. “జిస్కా బేటా అమ్రీకా మే హై, వో ఔరత్” అంటే ‘కొడుకు అమెరికాలో ఉన్నావిడ’. జిస్కా తీసి హూజ్ పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. వాళ్ళకు ఈ మెట్టు మనకంటే సులువు.

కానీ హైదరాబాదు పాత దక్ఖనీ ఉర్దూలో ఇంకో మాట వినబడుతుంది. “ఆప్ బోలే సో బాత్ సచ్ హై.” మీరు చెప్పిన మాట నిజం. “కల్ ఆయే సో ఆద్మీ.” నిన్న వచ్చిన మనిషి. చూడండి, ఢిల్లీ వాళ్ళు ‘జో’ అని, ‘వో’ అని రెండు ముక్కలు చేసి చెప్పేదాన్ని, మన హైదరాబాదీలు తెలుగు వరసలో ఒక్క ముక్కగా చెప్పేస్తున్నారు! ‘బోలే సో బాత్’, ‘చెప్పిన మాట’. మాటలు వాళ్ళవి, వరస మనది. ఇక్కడి భాషల పొరుగు దక్ఖనీ మీద ఇలా ముద్ర వేసిందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. 1591లో కులీ కుతుబ్ షా ఈ ఊరు కట్టించిన నాటి నుంచీ, ఆ మాటకొస్తే అంతకు ముందు నుంచీ, కలిసి బతుకుతున్నాం మరి. గోడ మీద నుంచి కూర గిన్నెలు అటూ ఇటూ మారినట్టే వ్యాకరణమూ మారింది.

ఇప్పుడు అసలు ఆశ్చర్యం వినండి. ఆ పిల్ల రాసిన “హూ హర్ హస్బెండ్” ఉంది చూశారూ, క్లాసంతా నవ్విన వాక్యం, అది ఫార్సీలో అక్షరాలా ఒప్పు! ఫార్సీలో అలాగే అంటారు: ‘స్త్రీ, ఎవరంటే, ఆమె భర్త పోయాడు’ అన్నట్టు ముందొక కలిపే మాట పెట్టి, తరవాత ‘ఆమె భర్త’ అని విడిగా చెబుతారు. ఈ హైదరాబాదు రాజ్యంలో పంతొమ్మిదో శతాబ్దం చివరి పాదం దాకా దర్బారు భాష ఫార్సీయే. అప్పటి దివానంలో గుమాస్తా ఇలా రాస్తే జీతం ఇచ్చేవారు. ఇప్పుడు మన పిల్ల రాస్తే నవ్వారు. తప్పు అనేది ఏ గడపలో నిలబడి అన్నామన్న దాన్ని బట్టి ఉంటుందని అందుకే అంటాను.

పోనీ, ఇంగ్లీషు వాళ్ళకైనా ‘హూజ్’ మీద ఏకాభిప్రాయం ఉందా అంటే, అదీ లేదు. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో దీని తాతమాట ‘హ్వాస్’ మనుషులకూ వస్తువులకూ ఒకే రకంగా పనికొచ్చేది. 1667లో మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ కావ్యం మొదట్లోనే చెట్టుకు ‘హూజ్’ వాడాడు. 1762లో రాబర్ట్ లౌత్ అనే మతగురువు వ్యాకరణం రాస్తూ, వస్తువులకు హూజ్ వాడడం తన ఉద్దేశంలో సరికాదన్నాడు. దాంతో చెట్టుకు, ఇంటికి, కుర్చీకి హూజ్ వాడాలా వద్దా అని పంతుళ్ళకు పీకులాట మొదలైంది. 1926లో ఫౌలర్ తన ప్రసిద్ధమైన పుస్తకంలో ఆ నియమాన్ని ఎగతాళి చేసి, హాయిగా వాడుకోమన్నాడు. ఇవాళ ఏ అనుమానమూ లేదు. ‘ఎ హౌస్ హూజ్ గేట్ ఈజ్ బ్రోకెన్’ అని నిక్షేపంలా అనవచ్చు. ‘ది గేట్ ఆఫ్ విచ్’ అని డొంకతిరుగుడు అక్కర్లేదు.

స్పెల్లింగులోనూ వాళ్ళు తక్కువ తడబడరు. ‘హూ ఈజ్’ను కుదించి, మధ్యలో కామా లాంటి గుర్తు తగిలించి రాసే ‘హూజ్’ ఒకటి. డబ్ల్యూ, హెచ్, ఓ, ఎస్, ఈ అని ఐదక్షరాలు వరసగా రాసే మన ‘హూజ్’ ఒకటి. పలికితే రెండూ ఒక్కటే. ఇంగ్లీషు గడ్డ మీద పుట్టినవాళ్ళే ఇది అక్కడ, అది ఇక్కడ రాసేస్తుంటారు. సొంతదారుణ్ణి తెలిపేదానికి ఆ గుర్తు ఉండదు. ‘హిజ్’కు ఉందా? ‘హర్’కు ఉందా? వాటి తోబుట్టువు గనక దీనికీ ఉండదు. అలా గుర్తుపెట్టుకుంటే మరచిపోరు.

1977లో కీనన్, కామ్రీ అనే ఇద్దరు పండితులు ప్రపంచంలో యాభై దాకా భాషలు పరిశీలించి ఒక నిచ్చెన లాంటిది వేశారు. మనిషిని గుర్తుపట్టడానికి వాక్యం తగిలించే విద్యలో మొదటి మెట్టు ‘వచ్చిన మనిషి’ లాంటిది. పని చేసినవాడి గురించి చెప్పడం అన్నిటికంటే సులువు. తరవాతది ‘నేను చూసిన మనిషి’ లాంటిది. అలా కిందికి దిగుతూ పోతే, ఆరు మెట్ల నిచ్చెనలో మన ‘హూజ్’ ఐదోది! కింది మెట్టుకు వెళ్ళేకొద్దీ భాషలకే కష్టమవుతుందట. కొన్ని భాషలు ముందే ఆగిపోతాయి. భాషలే ఆగిపోయే చోట బోరబండ పిల్ల ఒక సాయంత్రం ఆగిందని నవ్వడమెందుకు?

ఈ సంగతులు పట్టించుకునే చోటు మన ఊళ్ళోనే ఉండడం విశేషం. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అని ఒక సంస్థ పెట్టారు. దేశంలో ఇంగ్లీషు చెప్పే పంతుళ్ళకు శిక్షణ ఇవ్వడం దాని పని. 1972లో విదేశీ భాషలూ వచ్చి చేరాయి, 2007లో అది ‘ఇఫ్లూ’ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఆ సంస్థ పుట్టడానికి ఒక ఏడాది ముందే, 1957లో, అమెరికాలో రాబర్ట్ లాడో అనే ఆయన ఒక పుస్తకం రాశాడు. నేర్చుకునేవాడి అమ్మభాషనూ, నేర్చుకునే భాషనూ పక్కపక్కన పెట్టి చూడండి, ఎక్కడ తేడా ఉందో అక్కడే కాలు జారుతుంది అన్నాడు. పదేళ్ళ తరవాత, 1967లో, పిట్ కార్డర్ అనే ఆయన ఇంకో అడుగు వేశాడు. పిల్లవాడు చేసే తప్పు తెలివితక్కువతనం కాదు, వాడు నేర్చుకుంటున్నాడనడానికి గుర్తు అన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మన ఇళ్ళల్లో పిల్లలు మొదటి దోసె వంకరగా పోస్తే పెనం లాక్కుంటామా?

మర్నాడు ఆ పిల్లను పిలిపించాను. వ్యాకరణం పక్కన పెట్టి, ముందు రెండు వాక్యాలు రాయమన్నాను. మీ ఇంట్లో పిల్లలకు కూడా చెప్పుకోవచ్చు, వినండి.

“ఒకావిడ ఉంది. ఆమె కొడుకు అమెరికాలో ఉన్నాడు.” వీటిని ఇంగ్లీషులో రాస్తే రెండో వాక్యంలో ‘హర్ సన్’ వస్తుంది. ఆ ‘హర్’ను చెరిపేసి అక్కడే ‘హూజ్’ కూర్చోబెట్టు. తరవాత ఆ ముక్కను తెచ్చి ఆవిడ పక్కన తగిలించు. ‘ది వుమన్ హూజ్ సన్ ఈజ్ ఇన్ అమెరికా’. అంతే! హర్ అయినా, హిజ్ అయినా, ఇట్స్ అయినా, దెయిర్ అయినా, ఏది లేస్తే దాని కుర్చీలో హూజ్ కూర్చుంటుంది. ఒక కుర్చీలో ఇద్దరు కూర్చోరు గనక హూజ్ వచ్చాక హర్ ఉండకూడదు. ‘ది’ కూడా రాకూడదు. ‘హూజ్ ది సన్’ అనకూడదు. హూజ్ వెంటనే సొత్తు పేరు రావాలి. కొడుకో, గేటో, చీరో, ఏదో ఒకటి. ‘హూజ్ ఈజ్ ఎ టీచర్’ అన్నామంటే సొత్తు ఏదీ లేదు, అక్కడ ఉండవలసింది ఒట్టి ‘హూ’ అన్నమాట.

“గింతేనా ఆంటీ?” అంది.

“ఇంతే. నువ్వు రాసిన దాంట్లో హర్ లేపడం ఒక్కటే మరిచిపోయావు. సగం దారి వచ్చేశావు కదే!” అన్నాను. ఇంకో తప్పు ఉంది, ‘ఈజ్ డైడ్’ అనకూడదు, ‘డైడ్’ చాలు. ఆ ముక్క కూడా చెప్పాను.

ఆ పిల్ల నోట్‌బుక్‌లో రాసుకుంది. ‘మై మదర్ ఈజ్ ఎ వుమన్ హూజ్ హస్బెండ్ డైడ్ యంగ్.’ రాసి, దాన్నే చాలాసేపు చూస్తూ కూర్చుంది. వ్యాకరణం బాగానే ఉంది, ఇంకేమిటి ఆలోచన అన్నాను.

“ఏం లేదాంటీ. అమ్మకున్నది గిదొక్కటేనా? పోయినోడి గురించే చెప్పాల్నా?”

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. హూజ్ తరవాత సొత్తు పేరు రావాలి అని నేనే చెప్పాను. ఆవిడ సొత్తు అనగానే నాకూ, వీధికీ, ఆ పిల్లకీ కూడా మొదట తోచింది లేని భర్త! తెలుగులో అయినా ఇంగ్లీషులో అయినా, మనిషి ముందు ఏ ముక్క తగిలించాలో వ్యాకరణం చెప్పదు. అది మనం ఎంచుకునేదే. ఎవరి భార్య, ఎవరి తల్లి, ఎవరి కోడలు అని మనల్నందరినీ ఎవరో ఒకరికి తగిలించి గుర్తుపడతారు. ఆ తగిలింపు పోయిన రోజున, పోయిందనే మాటనే మళ్ళీ తగిలిస్తారు.

పిల్ల ఆ వాక్యం కొట్టేసి, పెదవి కొరుక్కుంటూ ఇంకోటి రాసింది. ‘మై మదర్ ఈజ్ ఎ వుమన్ హూజ్ మెషీన్ రన్స్ అంటిల్ మిడ్‌నైట్.’ నేను ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. దిద్దడానికి ఏమీ లేదు.

అప్పుడే తల్లి వచ్చింది, కుట్టిన రవికలు ఇవ్వడానికి. కూతురు ఆ వాక్యం గట్టిగా చదివి వినిపించింది.

“ఏమంటుందక్కా ఇది?” అని నన్నడిగింది ఆవిడ.

నేను చెప్పబోయాను. పిల్లే అందుకుంది. “అర్ధరాత్రి దాకా మిషనాడే మా అమ్మ, అని.”

‘యొక్క’ లేదు, ‘ఎవరి’ లేదు. చక్కటి తెలుగు. ఆవిడ నవ్వి, “రాత్రిపూట గంత చప్పుడైతదా నీకు?” అంది.

నేను రవికలు తీసుకుని, డబ్బులిచ్చి, ఇన్నేళ్ళకు ఆవిడ పేరు అడిగాను. చెప్పింది. మీకు చెప్పను లెండి, అది ఆవిడ సొత్తు. మా వీధిలో మాత్రం నేను ఆ పేరుతోనే పిలుస్తున్నాను.